మూడు నాళ్ల ముచ్చట

మొన్న ఆదివారం సాయంత్రం కాకినాడలో మా చదువరుల బృందం కూడినప్పుడు, స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో చమురు కంపెనీల్లో చాలాకాలం పనిచేసి తిరిగొచ్చిన మిత్రులొకరు మాట్లాడారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన అన్నది అన్నట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నించున్నవాళ్లు వచ్చి కూచోండి. మొహమాటపడకండి, నేనేం పాఠం అప్పజెప్పమనను.

అధ్యక్షులవారు పరిచయం చేస్తూ, ఈయన సముద్రంలో చమురు ఎలా తీస్తారో చెబుతారన్నారు. చెప్పనండీ. ఉద్యోగం చేసినంతకాలం చమురు గురించే మాట్లాడాను. ఇక్కడ మన కాకినాడ తీరంలోనూ అదే గోల, అక్కడ అబర్డీన్‌లోనూ అదే గోల. ఇవాళొక్కరోజు నన్నొదిలేయండి. ఇవాళ ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాను. అంటే మీ పిల్లలు అర్ధరాత్రి మేలుకుని టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. స్కాట్లాండ్ ఉత్తర కొసన హైలాండ్ లీగ్ అని ఒకటుంది, అదీ. అందులో కూడా ఒకే ఒక్క సీజన్. 2020-21.

ఆ సీజన్‌లో ఛాంపియన్లయిన జట్టు ఎన్ని ఆటలు ఆడిందో చెప్పగలరా? ఊరికే ఒక అంకె చెప్పండి. ముప్పైయా? వెనకనుంచి ఎవరో ఇరవై అంటున్నారు. మాస్టారు పది అంటున్నారు. మాస్టారు తెలివైనవారు, నేను అడిగిన తీరు చూసి తగ్గించారు. అయినా తప్పే. మూడండీ. మూడు ఆటలు. మూడు ఆడి, మూడూ గెలిచి, తొమ్మిది పాయింట్లతో ఛాంపియన్లు. జట్టు పేరు బ్రోరా రేంజర్స్.

మూడు నాళ్ల ముచ్చట అంటాం కదా మనం, ఎగతాళిగా. అక్కడా ఎగతాళి చేసినవాళ్లున్నారు. నేనూ చేశాను. తర్వాత తర్వాత నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఇక్కడ నించున్నాను.

ముందు ఆ ఊళ్లు కళ్లక్కట్టాలి. మ్యాపులో బ్రిటన్ పైభాగం గుర్తు తెచ్చుకోండి. కుడివైపు సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన చోట ఫ్రేజర్‌బరో, అక్కణ్ణుంచి తీరం వెంబడి పడమరగా పోతే బాన్ఫ్, బకీ, లాసీమౌత్, నైర్న్. తర్వాత ఇన్వర్‌నెస్. అక్కడ మలుపు తిరిగి మళ్లీ ఉత్తరానికి పోతే బ్రోరా, ఆ పైన విక్. విక్ దాటితే థర్సో తప్ప ఇంక పెద్దగా ఊళ్లేం లేవు, సముద్రమే. తీరంలో చేపల రేవులు, లోపల విస్కీ బట్టీలు, బార్లీ చేలు, గొర్రెలు. ఈ ఊళ్ల జట్లదే హైలాండ్ లీగ్. 1893లో పుట్టింది. మొదటి సీజన్‌లో ఆడిన జట్లలో ఫారెస్ మెకానిక్స్, క్లాక్‌నకడిన్ అనే రెండు ఇప్పటికీ ఆడుతున్నాయి. పేర్లు చూడండి ఎంత బావుంటాయో. ఫారెస్ మెకానిక్స్. ఇన్వరూరీ లోకో వర్క్స్. లోకో వర్క్స్ అంటే రైలింజన్ల కార్ఖానా. కార్ఖానా ఎప్పుడో మూసేశారు, జట్టు పేరులో మాత్రం మిగిలింది.

దూరాలు చూస్తే ఇది లీగా, తీర్థయాత్రా అనిపిస్తుంది. విక్ జట్టు ఫ్రేజర్‌బరో వెళ్లి ఆడాలంటే ఇంచుమించు మూడొందల ఇరవై కిలోమీటర్లు. కాకినాడ నుంచి ఒంగోలు వెళ్లినంత అనుకోండి. మన హైవే లాంటిది అనుకోవద్దు మళ్లీ. చాలా చోట్ల ఎదురుబొదురు రెండే వరసల రోడ్డు, బెర్రిడేల్ దగ్గర ఘాటీ, ముందో ట్రాక్టరు. ఆట తొంభై నిమిషాలు. ప్రయాణం పోనూ రానూ తొమ్మిది గంటలు. ఆ ఆడేవాళ్లు ఎవరు? లక్షలు తీసుకునేవాళ్లా? కాదు. టీచర్లు, వడ్రంగులు, చమురు రిగ్గుల మీద పనిచేసేవాళ్లు. వారంలో రెండు రాత్రులు ప్రాక్టీసు, శనివారం ఆట, సోమవారం పొద్దున్న డ్యూటీ.

మా ఇంట్లో బాయిలర్ పాడైతే ఒక ప్లంబర్ కుర్రాడు వచ్చాడు. జనవరి నెల. బాయిలర్ లేకపోతే అక్కడ ప్రాణం పోతుంది. గురువారం బాగుచేశాడు, కానీ ఇంకో చిన్న భాగం మార్చాలన్నాడు. శనివారం రాగలవా అంటే, శనివారం రాలేను సార్, ఆట ఉంది అన్నాడు. చూడ్డానికి వెళ్తాడేమో అనుకున్నాను. ఆ శనివారం నాకూ ఏం తోచక ఇన్వరూరీకి రైలెక్కాను. అబర్డీన్ నుంచి అరగంట కూడా పట్టదు. అక్కడ హార్లా పార్క్ అని గ్రౌండు. టిక్కెట్టు కొని లోపలికి వెళ్తే, వచ్చిన జట్టుకి ఎడమవైపు డిఫెండర్‌గా మా ప్లంబర్! నాకూ అతనికీ మధ్య నడుం ఎత్తున్న ఒక ఇనప కమ్మీ, అంతే. బంతి బయటికి పోయినప్పుడు నన్ను చూశాడు. గుర్తుపట్టి, "వేడి వస్తోందా?" అని అడిగాడు. ఆట మధ్యలో! నేను వస్తోందని తలూపాను. త్రో తీసుకుని పరిగెత్తాడు. మీ టీవీ ఫుట్‌బాల్‌లో ఇది జరుగుతుందా?

శాకాహారులకో మాట. అక్కడ ఆట మధ్య విరామంలో అందరూ మాంసం పై తింటారు, ఎద్దు మాంసం సారంతో చేసిన బోవ్రిల్ అనే వేడి పానీయం తాగుతారు. నాకు రెండూ కుదరవు. ఆకలితో చస్తాననుకున్నాను. కానీ స్కాట్లాండ్ వాళ్లు పుణ్యాత్ములు, మాకరోనీ పై అని ఒకటి కనిపెట్టారు. పిండి గిన్నెలో చీజు వేసిన మాకరోనీ. పిండిలో పిండి. అయినా ఆ చలిలో అమృతమే అనుకోండి.

చలి అంటే గుర్తొచ్చింది. మనం భూమధ్యరేఖకి పదిహేడు డిగ్రీల ఎత్తులో ఉన్నాం. బ్రోరా యాభై ఎనిమిది. డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలవుతుంది, మూడున్నరకి సూర్యుడు దిగిపోతాడు. పొద్దున్నే రిఫరీ వచ్చి గ్రౌండు చూస్తాడు. బూటు మడమతో అక్కడక్కడా గుచ్చి చూస్తాడు. మడమ దిగితే ఆట, దిగకపోతే లేదు. బంగాళాదుంప ఉడికిందో లేదో చూసినట్టు! నేల గడ్డకట్టి ఆటలు వాయిదా పడతాయి, అవన్నీ మార్చి, ఏప్రిల్ నెలల్లో మంగళవారాలూ బుధవారాలూ రాత్రిపూట ఆడుకుంటారు. మామూలు సీజనంటే ఇది. ఆగస్టు ప్రాంతంలో మొదలై ఏప్రిల్ దాకా, శనివారం తర్వాత శనివారం.

తలుపు సంగతి

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఈ లీగు గెలిస్తే ఏమవుతుంది?

నూట ఇరవయ్యేళ్లు ఏమీ అయ్యేది కాదండీ. కప్పు ఇస్తారు, ఊళ్లో ఊరేగింపు, మళ్లీ ఆగస్టులో మొదటికి. పైన స్కాటిష్ లీగ్ ఉంది, దేశం మొత్తానిది. అందులోకి కింద నుంచి గెలిచి వెళ్లే దారి లేదు. పై లీగులో అట్టడుగున పడ్డ జట్టు ఎంత చెత్తగా ఆడినా దాని కుర్చీ దానిదే. కొత్తవాళ్లు రావాలంటే పైనవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చోటు పెంచాలి, పెంచి ఓటు వేయాలి. 1994లో అలా రెండు చోట్లు పెంచారు. ఇన్వర్‌నెస్‌లో కాలెడోనియన్, థిసిల్ అని రెండు పాత క్లబ్బులు, ఒకదానికొకటి పడని క్లబ్బులు, కలిసిపోయి ఒక చోటు సంపాదించాయి. డింగ్‌వాల్ అనే చిన్న ఊరి రాస్ కౌంటీకి రెండోది. 2000లో పీటర్‌హెడ్, ఎల్గిన్ సిటీ వెళ్లాయి.

వెళ్లినవాళ్లు ఊరుకున్నారా? ఆ 2000 సంవత్సరం ఫిబ్రవరిలోనే ఇన్వర్‌నెస్ జట్టు గ్లాస్గో వెళ్లి, దేశంలోకెల్లా పెద్ద క్లబ్బుల్లో ఒకటైన సెల్టిక్‌ని సెల్టిక్ గడ్డ మీదే 3-1తో ఓడించింది. సెల్టిక్ మేనేజరు జాన్ బార్న్స్ ఉద్యోగం ఊడింది. 2015లో అదే ఇన్వర్‌నెస్ స్కాటిష్ కప్పు, అంటే లీగులతో పనిలేకుండా చిన్నా పెద్దా జట్లు కలిసి ఆడే నాకౌట్ పోటీ, గెలిచింది. అంటే ఏవిటి? వందేళ్లు తలుపు బయట నించోబెట్టినవాళ్లలో అంత సత్తా ఉందన్నమాట. ఇంకెందరికి ఉండేదో! 1920లలో ఎవరికుండేది, 1950లలో ఎవరికుండేది? ఎవరికి తెలుసు?

చివరికి 2014-15లో తలుపు తీశారు. పూర్తిగా కాదు, ఓరగా. హైలాండ్ లీగ్ ఛాంపియను, దక్షిణాన లోలాండ్ లీగ్ ఛాంపియను ముందు తమలో తాము తేల్చుకోవాలి. నెగ్గినవాడు వెళ్లి పై లీగులో అట్టడుగున ఉన్నవాడితో రెండు ఆటలు ఆడాలి. గెలిస్తే లోపలికి. ఓడిన పైవాడు కిందకి. కిందకి అంటే ఏ లీగులోకి? దానికో గీత గీశారు. డండీ దగ్గర టే నది మీద రోడ్డు వంతెన ఉంది. ఆ వంతెన మధ్యలో నించుంటే ఏ అక్షాంశమో, 56.4513 డిగ్రీలు, దానికి పైన ఉంటే హైలాండ్, కింద ఉంటే లోలాండ్. ఫుట్‌బాల్‌ని దశాంశ స్థానాల్లో పంచుకున్నారు. ఇంజనీర్ని కదా, నాకిది తెగ నచ్చింది.

ఆ మొదటి ఏడాదే బ్రోరా రేంజర్స్ ఆ తలుపు దాకా వెళ్లింది. మాంట్‌రోజ్ మీద మొదటి ఆట 1-0తో గెలిచింది. రెండో ఆట 3-1తో ఓడింది. మొత్తం 3-2. ఒక్క గోల్ తేడా. దాన్ని గుర్తుపెట్టుకోండి.

బ్రోరా అంటే ఎంత ఊరు? పదిహేను వందల జనాభా కూడా లేదు. మన గోదావరి జిల్లాల్లో ఒక మోస్తరు పల్లెటూరు పాటి. కానీ తమాషా ఊరు. పదహారో శతాబ్దం చివర మొదలైన బొగ్గు గని ఉండేది. ఉన్ని మిల్లు పుణ్యమా అని ఆ ఉత్తర ప్రాంతంలో అందరికంటే ముందు కరెంటు వచ్చిందట, అందుకని ఎలక్ట్రిక్ సిటీ అని ముద్దుపేరు. సముద్రం పక్కన గోల్ఫ్ మైదానం ఉంది, దాంట్లో గొర్రెలూ పశువులూ మేస్తుంటాయి. గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డిని అవి తొక్కేయకుండా సన్నటి కరెంటు తీగ కడతారు. గోల్ఫ్ ఆడేవాళ్లు దాన్ని దాటుకుంటూ పోవాలి. దాటడంలో పొరపాటు చేస్తే ఏమవుతుందో నన్నడగొద్దు.

ఇంక 2020కి వస్తాను. మార్చిలో ఏం జరిగిందో మీకు చెప్పాలా? అక్కడా అంతే, అన్నీ ఆగిపోయాయి. ఆగిననాటికి హైలాండ్ లీగ్‌లో బ్రోరా ముందుంది, బ్రోరాని ఛాంపియనన్నారు. లోలాండ్‌లో కెల్టీ హార్ట్స్. ఇద్దరూ తలుపు దగ్గరికి వెళ్లాలి కదా? ప్లేఆఫ్, అంటే ఆ తలుపు దగ్గరి ఆట, రద్దు. అప్పుడు పై లీగు అట్టడుగున ఎవరున్నారు? బ్రీకిన్ సిటీ. మహమ్మారి వల్ల బతికిపోయిన ఫుట్‌బాల్ జట్టు ఏదైనా ఉందంటే అదే. మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

అదే సమయంలో పైన, చాలా పైన, ఎడిన్‌బరోలో హార్ట్స్ అనే పెద్ద క్లబ్బు. పూర్తి పేరు హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్. వినడానికి కవిత్వంలా ఉంటుంది, ఎడిన్‌బరోలో పాత జైలుకున్న ముద్దుపేరండీ అది. జైలు ఉన్నచోట రోడ్డు మీద రాళ్లతో గుండె ఆకారం పొదిగారు, దారినపోయేవాళ్లు దానిమీద ఉమ్మేసి వెళ్తారు. ఆచారం. సరే, ఆ హార్ట్స్ పై డివిజన్‌లో ఆఖర్న ఉండగా సీజన్ ఆపేశారు, కిందకి తోసేశారు. ఇంకా ఆటలున్నాయి, మమ్మల్ని ఎలా తోస్తారని వాళ్లు పోరాడారు. మధ్యవర్తుల దగ్గరికి వెళ్లింది వ్యవహారం. ఓడిపోయారు. దాంతో 2020-21లో హార్ట్స్ రెండో డివిజన్‌లో ఆడాల్సి వచ్చింది. కింది డివిజన్ కాబట్టి స్కాటిష్ కప్పులో కూడా మామూలు కన్నా ముందు రౌండులోనే దిగాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మూడు ఆటల సీజన్

2020 నవంబరు చివర హైలాండ్ లీగ్ మొదలైంది. ఆగస్టులో మొదలవ్వాల్సింది. పదిహేడు జట్లు. మామూలుగా ఒక్కొక్కరు ఒక్కొక్కరితో రెండేసి సార్లు ఆడాలి, ఈసారికి ఒక్కోసారే చాలన్నారు. ఆ ఒక్కోసారీ కుదిరిందా? మంచు కొంత, కరోనా కొంత. ఒక జట్టులో ఇద్దరికి జ్వరం వస్తే ఆట లేదు. గ్రౌండు గడ్డకడితే ఆట లేదు. జనవరి 11న స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం కింది డివిజన్ల ఆటలన్నీ ఆపేసింది. అప్పటికి బ్రోరా ఆడినవి ఆ మూడే.

తర్వాత నిశ్శబ్దం. రెండు నెలల పైన ఆట లేదు. కలిసి ప్రాక్టీసు కూడా లేదు. పైవాళ్లు మాత్రం ఆడుతున్నారు, వాళ్లకి పరీక్షలు చేయించుకునే డబ్బుంది. మార్చిలో కప్పు ఆటల వరకు అనుమతిచ్చారు. కప్పు చీటీల్లో బ్రోరాకి ఎవరు పడ్డారు?

ఆ, అమ్మాయి సరిగ్గా చెప్పింది. హార్ట్స్.

తేదీ మార్చి 23, మంగళవారం రాత్రి. ఒకవైపు హార్ట్స్. అంతకు మూడు నెలల ముందే, డిసెంబరు 20న, ఆలస్యంగా జరిగిన అంతకుముందు ఏడాది కప్పు ఫైనల్లో సెల్టిక్‌తో 3-3 దాకా పోరాడి పెనాల్టీల్లో ఓడినవాళ్లు. రోజూ ఆడటమే పనిగా ఉన్నవాళ్లు. ఇటువైపు, రెండు నెలలుగా బంతి ముట్టని, సీజన్ మొత్తం మీద లీగులో మూడు ఆటలు ఆడిన ఊరి జట్టు. చోటు, బ్రోరాలో డజన్ పార్క్. ప్రేక్షకులు లేరు. ఎవర్నీ రానివ్వకూడదు. ఆ ఊరి చరిత్రలో అంతకన్నా పెద్ద ఆట రాలేదు, ఊరివాళ్లకి లోపలికి వెళ్లే వీల్లేదు.

నేను ఇంట్లో వంటగదిలో నించుని ఫోన్లో స్కోరు చూస్తున్నాను. మా ఆవిడ గిన్నెలు తోముతోంది. పన్నెండో నిమిషం ప్రాంతంలో 1-0 అని వచ్చింది. ముందు నాకు హార్ట్స్ కొట్టారనే అనిపించింది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే జోర్డన్ మెక్రే, బ్రోరా! "బ్రోరా కొట్టిందే" అన్నాను. "ఎవరూ?" అంది మా ఆవిడ. బ్రోరా అనేది మనిషి పేరనుకుంది. తర్వాత గంటసేపు ఏమీ మారలేదు. ఫోను చూడ్డం, జేబులో పెట్టడం, మళ్లీ తీయడం. రెండో సగం బాగా గడిచాక క్రిస్టఫ్ బెర్రా, స్కాట్లాండ్ దేశానికే ఆడిన డిఫెండరు, తలతో కొట్టి సమం చేశాడు. అయిపోయిందనుకున్నాను. పెద్దవాళ్లు సమం చేశాక చిన్నవాళ్లు కూలిపోతారు, ఎప్పుడూ చూసేదే కదా? ఫోను బల్లమీద పెట్టేశాను. కాస్సేపటికి టింగుమంది. మార్టిన్ మక్లీన్. 2-1. సమం చేసిన ఆనందం హార్ట్స్‌కి రెండు మూడు నిమిషాలు కూడా నిలవలేదు. అంతే, అక్కడే ముగిసింది.

అంత పెద్ద గెలుపుకి అరవడానికి గ్రౌండులో జనం లేరు. ఎన్నోసార్లు ఆలోచించాను దాని గురించి. వెయ్యిమంది అరవాల్సిన చోట పదకొండు మంది గొంతులు, బెంచీ మీద కొందరివి. అదీ ఆ సీజన్.

తర్వాతి రౌండులో స్ట్రాన్‌రార్ వాళ్ల మీద ఓడిపోయారు. అది మామూలే. అదే రోజుల్లో హైలాండ్ లీగ్ క్లబ్బులు ఇంక సీజన్ ముగిద్దామని నిర్ణయించుకున్నాయి. ఆడిన ఆటల సగటు పాయింట్లు లెక్కవేశారు. మూడింటికి మూడు గెలిచిన బ్రోరా ఛాంపియన్.

నేనప్పుడు నవ్వాను అన్నాను కదా. ఆఫీసులో ఒక పెద్దాయన, ఫ్రేజర్‌బరో మనిషి, ఆయనా నవ్వాడు. "మా మూడు శనివారాలు బావుంటే మేమే ఛాంపియన్లం" అన్నాడు. నిజమే. కానీ ఒక్క క్షణం ఆలోచించండి, ఎవరినీ ఛాంపియన్ అనకుండా ఊరుకుంటే ఏమయ్యేది? ప్లేఆఫ్‌కి హైలాండ్ నుంచి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. నూట ఇరవయ్యేళ్లు మూసి ఉన్న తలుపు, అప్పటికే ఒక ఏడాది కరోనా పేరు చెప్పి మూశారు. రెండో ఏడు ఈసారి మనంతట మనమే మూసుకుందామా? ఆ లీగు కప్పు ఎవరు గొప్పవాళ్లో చెప్పడానికి ఇచ్చింది కాదండీ. తలుపు దగ్గరికి ఒకణ్ణి పంపాలి, వాడి చేతిలో ఒక చీటీ ఉండాలి. అది ఆ చీటీ. అలా చూశాక నాకు నవ్వు రాలేదు.

చీటీ పట్టుకుని వెళ్లారు. మే నెలలో కెల్టీ హార్ట్స్ ఎదురైంది. ఈ హార్ట్స్ వేరు, ఆ హార్ట్స్ వేరు, కలిపేయకండి. కెల్టీ అంటే ఫైఫ్‌లో పాత బొగ్గు గనుల ఊరు. మేనేజరు బ్యారీ ఫెర్గూసన్, ఒకప్పుడు గ్లాస్గో రేంజర్స్ కెప్టెన్. రెండు ఆటలు కలిపి 6-1. చిత్తుచిత్తు. హార్ట్స్‌ని ఓడించిన జట్టేనా ఇది అనిపించింది. ఒక్క రాత్రి గుండె బలంతో గెలవచ్చు, రెండు ఆటలకి కాళ్లలో ఆటలుండాలి. అవి లేవు వాళ్ల దగ్గర. అదే నెలలో, ముప్పై ఎనిమిదేళ్లుగా మూతపడ్డ బ్రోరా విస్కీ బట్టీని మళ్లీ తెరిచారు. ఊరికి ఆ మాత్రం ఓదార్పు దొరికింది.

ఇప్పుడు బ్రీకిన్. కెల్టీ వెళ్లి బ్రీకిన్‌ని కూడా ఓడించింది, రెండు ఆటలు కలిపి 3-1. ముందటేడు మహమ్మారి కాపాడిన బ్రీకిన్ ఈ ఏడాది కిందకి వచ్చేసింది. పేరులో సిటీ అని ఉంది కదా, ఏడు వేల జనాభా. పాత చర్చి ఉంది కాబట్టి సిటీ అనుకుంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనను గానీ, ఊరు బానే ఉంటుంది. వాళ్ల కథ వింటే జాలేస్తుంది. 2017-18లో వాళ్లు రెండో డివిజన్‌లో ఉన్నారు. ముప్పై ఆరు ఆటలు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. నాలుగు డ్రాలు, నాలుగు పాయింట్లు. అక్కణ్ణుంచి మొదలైంది జారుడు. నాలుగు సీజన్లలో మూడు మెట్లు దిగి, వంతెన గీతకి ఉత్తరాన ఉన్నారు కాబట్టి, తిన్నగా హైలాండ్ లీగ్‌లో పడ్డారు. 1929 నుంచి ఉన్న కుర్చీ పోయింది.

నేను వాళ్ల గ్లీబ్ పార్క్‌కి కావాలని వెళ్లాను, ఒకటి చూడ్డానికి. ఆ గ్రౌండుకి ఒక పక్క గోడ లేదు. కంచె ఉంది. మొక్కల కంచె! మనిషి కన్నా ఎత్తు, నున్నగా కత్తిరించిన బీచ్ మొక్కల కంచె, మైదానం పొడవునా చాలా దూరం. బంతి పోయి దాంట్లో ఇరుక్కుంటే ఒక కుర్రాడు చెయ్యి దూర్చి వెతికాడు, మన పిల్లలు తుమ్మ కంపలో క్రికెట్ బంతి వెతుక్కున్నట్టు. చలికాలం కదా, ఎండిన ఆకులు గోధుమరంగులో అలాగే అంటుకుని ఉన్నాయి, రాలవట అవి. పక్కన నించున్న ముసలాయన, "పై డివిజన్‌లో ఉన్నప్పుడూ ఈ కంచే, ఇప్పుడూ ఇదే" అన్నాడు. అందులో గర్వముందో దిగులుందో నాకు అర్థం కాలేదు. వాళ్లు 2022-23లో హైలాండ్ లీగ్ గెలిచారు కూడా. పైకి వెళ్లారా? లేదు. లోలాండ్ ఛాంపియను, ఎడిన్‌బరో జట్టు స్పార్టన్స్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు.

టైము చూపిస్తున్నారు అధ్యక్షులవారు. ఇంకో అయిదు నిమిషాలు ఓపిక పట్టండి, ఇది చెప్పకపోతే కథ సగమే.

మూడు ఆటల ఛాంపియన్లకి ప్లేఆఫ్ చీటీ దొరికింది. మరి పూర్తి సీజన్ ఆడి గెలిచినవాడికి? 2023-24. బకీ థిసిల్, చేపల రేవు ఊరి జట్టు. ఆ జనవరిలో కప్పులో సెల్టిక్ దాకా వెళ్లారు, గ్లాస్గోలో 5-0తో ఓడారు, అది ఎవరికైనా తప్పదు. లీగులో పద్దెనిమిది జట్లు, ముప్పై నాలుగు ఆటలు. మంచులో, వర్షంలో, విక్ దాకా వెళ్లి వస్తూ, మొత్తం ముప్పై నాలుగూ ఆడి ఛాంపియన్లయ్యారు. ప్లేఆఫ్‌కి పంపారా? పంపలేదు. పైకి వెళ్లే క్లబ్బుకి ఫుట్‌బాల్ సంఘం లైసెన్సు ఉండాలి, దాంట్లో కాంస్య స్థాయి అని ఒకటుంది, బకీకి ఆ స్థాయి లేదు. ఉత్తర దక్షిణ ఛాంపియన్ల ఆట ఆ ఏడాది జరగనే లేదు. లోలాండ్ ఛాంపియను ఈస్ట్ కిల్‌బ్రైడ్ తిన్నగా పైవాడి దగ్గరికి వెళ్లింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇంక దీనికన్నా మంచి ఉదాహరణ నేను చూడలేదు.

నిబంధనలు వద్దని నేననను. ఇంజనీర్ని, చెక్‌లిస్టు లేకుండా నేను రిగ్గెక్కను. జనం వచ్చే చోట దీపాలు సరిగా ఉండాలి, గోడలు నిలవాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ ఖర్చు టిక్కెట్ల డబ్బుతోనూ రాఫిల్ చీటీల డబ్బుతోనూ నడిచే క్లబ్బు పెట్టుకోవాలి, పెట్టాక పైకి వెళ్తామో లేదో తెలీదు. వెళ్లకపోతే ఆ డబ్బు గోడలోనే ఉంటుంది. మీరైతే పెడతారా? నేను బకీ ఖజాంచీనైతే నిద్రపట్టేది కాదు.

బ్రోరా సంగతి అడుగుతున్నారు ఎవరో. చెబుతాను. 2024-25లో మళ్లీ గెలిచారు, ఈసారి పూర్తి సీజన్ ఆడి. ప్లేఆఫ్‌కి వెళ్లారు, ఈస్ట్ కిల్‌బ్రైడ్ చేతిలో ఓడారు. అంటే మాంట్‌రోజ్ మీద ఒక్క గోలు తేడా, తర్వాత కెల్టీ, ఇప్పుడిది. తలుపు దగ్గర మూడోసారి.

మరి మీ ప్లంబర్ ఏమయ్యాడని మాస్టారు అడుగుతున్నారు. అతణ్ణి ఆ 2021 వేసవిలో చూశాను, బాయిలర్ సర్వీసుకి వచ్చాడు. మాస్కు పెట్టుకుని, కిటికీ తెరిచి, దూరంగా నించుని మాట్లాడుకున్నాం. ఈ సీజన్లో ఎన్ని ఆటలు ఆడావయ్యా అని అడిగాను. వేళ్లమీద లెక్కపెట్టాడు, ఒక చెయ్యి చాలింది. మరి శనివారాలన్నీ ఏం చేశావన్నాను. వాళ్లావిడ ఇల్లంతా రంగులు వేయించిందట, గదికొక శనివారం చొప్పున. ఇంకా మెట్ల దగ్గర కొంచెం మిగిలింది, ఆగస్టులో ఆటలు మొదలైతే అది అలాగే ఉండిపోతుంది సార్ అన్నాడు.